ప్లేస్టేషన్ 5 స్లిమ్: ఇరవై నెలల జమాఖర్చు

ప్లేస్టేషన్ 5 అంటే టీవీకి తగిలించి ఆడుకునే సోనీ వీడియోగేమ్ యంత్రం. పదివేలు మిగుల్చుకుందామని, ఆటల డిస్కులు పెట్టే డ్రైవ్ లేని రకం కొనబోతున్నవారు ఒక్క పది నిమిషాలు ఆగండి. నేనూ దుకాణం గుమ్మం వరకు అదే ఉద్దేశంతో వెళ్లాను.

కాస్త సన్నబరచిన స్లిమ్ రకం 2024 ఏప్రిల్‌లో మన దేశానికి వచ్చింది. అప్పట్లో డ్రైవ్ ఉన్నది రూ. 54,990, లేనిది రూ. 44,990. పాత రూపంలో ఇదే యంత్రం 2021 ఫిబ్రవరిలో రూ. 49,990కి దొరికింది. 2022 చివర్లో ఐదువేలు పెంచారు. టీవీలూ ఫోన్లూ పాతబడేకొద్దీ చవకవుతాయి. ఇది మాత్రం పాత బియ్యంలా నిలవ ఉన్నకొద్దీ ధర పెంచుకుంది.

అసలు ఖర్చు యంత్రానిది కాదు, ఆటలది. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్, స్పైడర్‌మ్యాన్ 2 వంటివి ఇక్కడ విడుదలైన రోజున రూ. 4,999. డ్రైవ్ లేకపోతే ఆన్‌లైన్ స్టోర్‌లో వాళ్లు చెప్పిందే ధర. తగ్గింపు వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి, కొన్నాక మళ్లీ అమ్ముకునే వీలుండదు. డిస్క్ అలా కాదు, చేతులు మారుతుంది. నేను ఇప్పటివరకు 11 డిస్కులు కొన్నాను. రెండు కొత్తవి, తొమ్మిది వాడినవి. మొత్తం రూ. 27,000 దాటింది. ఆడటం పూర్తయిన ఎనిమిదింటిని అమ్మేస్తే రూ. 15,400 తిరిగొచ్చాయి. అంటే ఆటల మీద నిజంగా పోయింది పన్నెండు వేలలోపే. అవే పదకొండు స్టోర్‌లో సగం ధరకు దొరికాయనుకున్నా రూ. 27,000 పైనే, అదీ తిరిగిరాని సొమ్ము. డ్రైవ్‌కు పెట్టిన పదివేలు ఎప్పుడో వసూలయ్యాయి.

పాత డిస్కు కొనేటప్పుడు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. నేను చూడకుండా తెచ్చిన ఒకటి ఇన్‌స్టాల్ అవుతూ సగంలో ఆగిపోయింది. దుకాణం అతను గొణుగుతూనే మార్చి ఇచ్చాడు. ఇంకో సంగతి: ఆట మొత్తం యంత్రం లోపలి నిల్వలోకి (ఎస్‌ఎస్‌డీ) ఎక్కినా ఆడేటప్పుడు డిస్కు డ్రైవ్‌లో ఉండాల్సిందే. ఆ నిల్వ ఒక టీబీ అంటారు గానీ మనకు మిగిలేది ఎనిమిది వందల జీబీ పైచిలుకు. పెద్ద ఆట ఒక్కటే వంద జీబీ వరకు తినేస్తుంది కాబట్టి కొత్తది ఎక్కించాలంటే పాతదాన్ని తీసేయక తప్పదు.

చందా ఉన్నన్నాళ్లూ బోలెడు ఆటలు ఆడనిచ్చే ప్లేస్టేషన్ ప్లస్ ఒక ఏడాది కట్టాను, ఎక్స్‌ట్రా స్థాయిది, దాదాపు ఏడువేలు. మొదటి మూడు నెలలు పెళ్లి భోజనంలా ప్రతి వంటకం రుచి చూశాం. తర్వాత మావాడు క్రికెట్ 24 వదల్లేదు, నేను కొన్న డిస్కులు వదల్లేదు. చందా ముగియగానే అందులో వచ్చిన ఆటలన్నిటికీ తాళం పడుతుందని తెలిసే కట్టాను, అయినా పడిననాడు మనసు చివుక్కుమంది. మళ్లీ కట్టలేదు. స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే మాత్రం కనీస చందా తప్పదు. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకు అదీ అక్కరలేదు.

ఇక నాకు బాగా నచ్చింది కంట్రోలర్. విల్లు ఎక్కుపెడితే వేలి కింద ట్రిగ్గర్ బిగుసుకుంటుంది. ఇసుకలో నడిస్తే ఒక రకంగా, గాజు మీద నడిస్తే ఇంకో రకంగా అరచేతికి తెలుస్తుంది. యంత్రంతో పాటు ఉచితంగా వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ దీన్ని చూపించడానికే చేసిన ఆట. అందులో వానచినుకులు పడుతుంటే మా అమ్మ చేతికిచ్చాను. ఆమె ఉలిక్కిపడి, "ఒరేయ్, ఇందులో ఏదో పాకుతోంది" అని సోఫా మీదకు విసిరేసింది. కంట్రోలర్‌కు ఏమీ కాలేదు.

దీనికోసం 4కె టీవీ కొనాలా అని అడిగేవారున్నారు. మాది పాత 1080పి టీవీయే. చాలా ఆటల్లో బొమ్మ నాణ్యతకు ఒక అమరిక, వేగానికి ఒక అమరిక ఉంటాయి. వేగానిది ఎంచుకుంటే సెకనుకు 60 ఫ్రేములతో మా టీవీలోనూ హాయిగా నడుస్తుంది. టీవీ ఖాళీ లేనప్పుడు, అంటే రాత్రి సీరియళ్ల వేళ, రిమోట్ ప్లే యాప్‌తో ఫోనులో ఆడతాను. ఇంటి వైఫై బాగుంటే చాలు. ఈ ఒక్క సదుపాయం మా ఇంట్లో ఎన్ని తగువులు తప్పించిందో!

కరెంటు పోవడం పెద్ద తలనొప్పి. యంత్రం విశ్రాంతి స్థితిలో ఉండగా పోయినా, మళ్లీ వేసినప్పుడు సరిగా ఆపలేదని చెప్పి నిల్వను తనిఖీ చేసుకుంటుంది. ఇన్వర్టర్ ఉన్నా అది అందుకునే లోపే ఆట ఆగిపోయేది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ మీట ఒకటుందని, అది వేస్తే ఇన్వర్టర్ త్వరగా అందుకుంటుందని ఆరు నెలల తర్వాత ఎలక్ట్రీషియన్ చెబితే తెలిసింది. బిల్లు గురించి భయం అక్కరలేదు. ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు, మా వాడకం నెలకు 30 గంటలు, అంటే ఆరు యూనిట్లు, టీవీ కాకుండా. టీవీ స్టాండు అరలో బిగించి పెట్టకండి, వెనక జానెడు జాగా వదలండి. నిలువుగా నిలబెట్టే స్టాండు పెట్టెలో రాదు, విడిగా కొనాలి. మేం పడుకోబెట్టే వాడుతున్నాం.

మొత్తం లెక్క ఇది: యంత్రం, రెండో కంట్రోలర్, ఆటల నికర ఖర్చు, ఒక ఏడాది చందా కలిపి దాదాపు ఎనభై వేలు. ఆడింది 610 గంటలు. గంటకు రూ. 130. మాకు ఇది గిట్టుబాటే, ఎందుకంటే ఆడేది ఇద్దరం, డిస్కులు తిప్పుకునే ఓపిక నాకుంది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ఇప్పటికే ఉంటే ఈ డబ్బు పెట్టనక్కరలేదు. ఏడాదికి రెండు ఆటలు ఆడేవారు స్నేహితుడి ఇంటికి వెళ్లి ఆడటం మేలు. కొనాలనుకుంటే ఆఫర్ల కాలం దాకా ఆగండి, ఐదువేలైనా తగ్గుతూ ఉంటుంది. నేను ఆగలేదు, ఆ ఐదువేలు పై లెక్కలోనే ఉన్నాయి.