ఫుట్ ఓవర్ బ్రిడ్జా, సిగ్నలా, టేబుల్ టాపా: రోడ్డు దాటడానికి ఏది మేలు?

హైదరాబాద్‌లో మా కాలనీ గేటు ముందు 80 అడుగుల రోడ్డు ఉంది. అవతలి వైపు బస్టాపు, కూరగాయల బండ్లు, ఒక స్కూలు. పోయిన నెల కాలనీ మీటింగులో అర్జీ రాద్దామని కూర్చున్నాం. రాయాలని అందరూ ఒప్పుకున్నారు గానీ ఏమని రాయాలన్న దగ్గరే గంటన్నర గడిచింది. సగం మంది ఫుట్ ఓవర్ బ్రిడ్జి అన్నారు, కొందరు సిగ్నల్ అన్నారు. ఆ సంగతి తెలిసి పక్క కాలనీల వాళ్లు, బంధువులు ఇప్పుడు ఇదే అడుగుతున్నారు: "మేమేం అడగాలి? ఏది మేలు?" ఈ రెండిటితో పాటు టేబుల్ టాప్, అంటే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపిన జీబ్రా దారి గురించి కూడా నేను చూసిందీ కొలిచిందీ నాకు తోచిందీ రాస్తున్నాను.

బ్రిడ్జి వైపు వాదన బలమైనదే. మనుషులు పైన, బండ్లు కింద, ఇక గుద్దుకునే మాటే లేదు. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర 2023లో తెరిచిన స్కైవాక్ చూడండి. మెట్రో స్టేషన్నీ బస్టాపుల్నీ కలుపుతుంది, లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. అన్ని వైపుల నుంచీ బండ్లు వచ్చిపడే అలాంటి కూడలికి అదే సరైనది. మెట్రో స్టేషన్లలోంచి కూడా టికెట్ లేకుండానే ఇటు నుంచి అటు దాటొచ్చు, చాలామంది అలాగే దాటుతున్నారు.

కానీ కాలనీ ముందు రోడ్డు ఉప్పల్ కూడలి కాదు. కింద లారీలూ బస్సులూ పోవాలి కాబట్టి బ్రిడ్జి కనీసం ఐదున్నర మీటర్ల ఎత్తులో ఉండాలి. మెట్టు 15 సెంటీమీటర్లనుకుంటే దాదాపు 40 మెట్లు ఎక్కాలి, 40 దిగాలి. అవతలికి వెళ్లి పాల ప్యాకెట్ తెచ్చుకుంటే ఎక్కడం 80, దిగడం 80. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంకలో పిల్లను ఎత్తుకున్న తల్లి, కూరగాయల గంప మోసేవాళ్లు ఈ పని రోజూ చెయ్యలేరు. లిఫ్టు ఉంటుందంటారు. పెట్టినరోజు పని చేస్తుంది, తర్వాత కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఆపరేటర్‌కు జీతం ఎవరివ్వాలి అనే దగ్గర తాళం పడుతుంది. చీకటి పడ్డాక ఖాళీగా ఉన్న బ్రిడ్జి ఎక్కడానికి ఆడవాళ్లు భయపడతారు, ఆ భయం న్యాయమైనది. అందుకే బ్రిడ్జి కింద డివైడర్ రెయిలింగులో ఎక్కడో ఒకచోట రెండు ఊచలు వంచి ఉంటాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. బ్రిడ్జి కట్టగానే కింద రోడ్డు మొత్తం తనదేనని బండివాడికి అనిపిస్తుంది. వేగం పెరుగుతుంది. కింద నడుస్తూ ఎవరైనా కనిపిస్తే "బ్రిడ్జి ఉందిగా" అని హారన్ కొడతాడు. ఎక్కలేక కింద దాటిన ముసలామెకు ప్రమాదం జరిగితే తప్పు ఆమెదే అయిపోతుంది.

ఇక సిగ్నల్. బటన్ నొక్కితే బండ్లకు ఎర్ర లైటు, మనుషులకు పచ్చ లైటు పడే పెలికాన్ సిగ్నళ్లు నగరంలో చాలాచోట్ల పెట్టారు. బండ్లు వరుసగా ఆగితే అంత హాయి ఇంకెక్కడా లేదు. ఇందులో నాకు రెండు చిక్కులు కనిపించాయి. మొదటిది టైము. సిగ్నల్ లెక్కలు వేసేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని సాధారణంగా అనుకుంటారు. మా రోడ్డు మీద బండ్లు నడిచే భాగం 18 మీటర్లు, అంటే 15 సెకన్లు. ఒక ఆదివారం పొద్దున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అమ్మను నడిపించి ఫోన్లో టైము చూశాను. 26 సెకన్లు పట్టింది. 15 సెకన్ల పచ్చ లైటుకు అమ్మ డివైడర్ దాటి ఒకటి రెండు అడుగులు వేసి ఉంటుంది. రెండోది, కూడలి కాని చోట ఒంటరిగా ఉన్న ఎర్ర లైటును మనవాళ్లు లైటుగా చూడరు. పోలీసు ఉన్నాడా, కెమెరా ఉందా అని చూస్తారు. లేకపోతే ఒకడు కదులుతాడు, వాడి వెనక అందరూ కదులుతారు.

ఇప్పుడు నేను తేల్చుకున్న సంగతికి వస్తాను. నెలన్నర కిందట ఒక సాయంత్రం అమ్మా నేనూ బస్టాపు వైపు నుంచి ఇంటికి దాటుతున్నాం. అమ్మకు 68 ఏళ్లు. చేతిలో సంచి, అందులోంచి కొత్తిమీర కట్టలు పైకి కనిపిస్తున్నాయి. జీబ్రా గీతల దగ్గర ఒక కారాయన మమ్మల్ని చూసి ఆపాడు. ఆపడమే కాదు, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి వెనకవాళ్లను ఆగమన్నాడు. మేం నాలుగడుగులు వేశామో లేదో, ఆ కారు పక్కనుంచి ఒక బైకు దూసుకొచ్చింది. "ఆగు నాన్నా, ఆగు" అని అమ్మ నా చెయ్యి వెనక్కి లాగింది. అతను బ్రేకు తొక్కాడు, వెనక చక్రం పక్కకు జారింది, హ్యాండిల్ సంచికి తగిలి కొత్తిమీర రోడ్డు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పాతికేళ్లు కూడా ఉండవు ఆ అబ్బాయికి, ముఖం పాలిపోయింది. "సారీ ఆంటీ" అన్నాడు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ అబ్బాయిని తిట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. మధ్యలో కారు అడ్డం ఉంటే మేం ఎలా కనిపిస్తాం? కారాయన మంచితనమే మమ్మల్ని నడిరోడ్డు దాకా తీసుకొచ్చింది. జీబ్రా దగ్గర వేగం తగ్గించి, ఆగి, నడిచేవాళ్లకు దారి ఇవ్వాలని 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలే చెబుతున్నాయి. ఒకాయన పాటించాడు. ఒక్కరు పాటిస్తే చాలదు, ప్రతి లైనులో ప్రతి బండీ పాటించాలి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచివెళ్తున్నవాళ్లే.

అందుకే నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: దాటే చోటికి ప్రతి బండీ ఎంత వేగంతో చేరుతుంది? గంటకు 50 కిలోమీటర్ల మీద ఉన్న బండి సెకనుకు 14 మీటర్లు పోతుంది. మనిషిని చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లి, బండి ఆగేలోపు 30 మీటర్లు దాటిపోతుంది. అదే 25లో ఉంటే 12 మీటర్ల లోపే ఆగుతుంది. కారు చాటు నుంచి మనిషి బయటపడినా ఆపుకునే వీలుంటుంది, తగిలినా ప్రాణం దక్కే అవకాశం చాలా ఎక్కువ.

టేబుల్ టాప్ చేసే పని ఇదే. జీబ్రా గీతలున్న చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, పైన చదునుగా ఉంచి, రెండు వైపులా వాలు ఇస్తారు. నడిచేవాళ్లకు ఎక్కడం దిగడం ఉండదు, చక్రాల కుర్చీ కూడా నేరుగా వెళ్తుంది. బండివాడు మంచివాడైనా కాకపోయినా, పోలీసు ఉన్నా లేకపోయినా, తన బండి కోసమైనా తగ్గించాల్సిందే.

లోపాలు దీనికీ ఉన్నాయి. ఇష్టమొచ్చినట్టు పోస్తే నడుములు విరుగుతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మామూలు స్పీడ్ బ్రేకర్‌కే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు అని కొలత ఇచ్చింది, 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటేలా. మన వీధుల్లో రాత్రికి రాత్రి పోసే గుట్టలు ఆ కొలతకు దగ్గర్లో కూడా ఉండవు. పెయింట్ చెరిగిపోతే రాత్రిపూట బైకులవాళ్లకు అదే ప్రమాదం, కాబట్టి వీధి దీపం, క్యాట్ ఐస్ (బండి లైటు పడితే మెరిసే బిళ్లలు) తప్పనిసరి. వాన నీరు పోవడానికి అంచుల్లో పైపు వదలకపోతే ముందు చెరువు కడుతుంది. అంబులెన్సులు నెమ్మదించాలన్నది నిజమే. అయినా వాలు సరిగా ఉంటే ఆ కొన్ని సెకన్లకు నేను ఒప్పుకుంటాను.

సబ్‌వేలు వాన వస్తే మునుగుతాయి, మా రోడ్డుకు ఆలోచించనే లేదు. స్కూలు వదిలే టైములో హోంగార్డు నిలబడితే మంచిదే, మిగతా ఇరవై మూడు గంటల సంగతి అలాగే ఉంటుంది. ఉత్త జీబ్రా గీతల కథ పైన చెప్పాను.

విజయవాడ హైవే లాంటి రోడ్డు పక్క ఊళ్లవాళ్లు మాత్రం టేబుల్ టాప్ అడగొద్దు. వంద మీద వచ్చే బండ్ల ముందు అది పెడితే కొత్త ప్రమాదాలు వస్తాయి. అక్కడ అండర్‌పాస్ కోసం పట్టుబట్టాలి, అది కుదరకపోతేనే లిఫ్టున్న బ్రిడ్జి. ఆరు లైన్ల సిటీ రోడ్డయితే టేబుల్ టాప్‌తో పాటు సిగ్నల్ కూడా కావాలి.

మా అర్జీలో చివరికి రాసింది ఇది: బస్టాపు ఎదురుగా టేబుల్ టాప్, డివైడర్‌లో రెండు మీటర్ల మేర కోసి అమ్మలాంటివాళ్లు మధ్యలో ఆగి నిలబడే చోటు, దానిమీద దీపం, అటూ ఇటూ పది మీటర్ల దాకా ఆటోలు, బండ్లు ఆపకుండా బోర్డు. 41 సంతకాలయ్యాయి, స్కూలు హెడ్మిస్ట్రెస్ గారిది కూడా. సోమవారం, అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇస్తున్నాం.