చైనా సరుకుకి సీబీఎం ఒక్క డాలరే ఫ్రైట్ అంటున్నారా? చెన్నై బిల్లు అడిగాకే అడ్వాన్స్ కట్టండి

షాపు సామాన్లు నేరుగా చైనా నుంచి తెప్పించుకుందామని చూస్తున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. నా డబ్బు ఎలాగూ పోయింది, మీరైనా చూసుకోండి.

విజయవాడలో బట్టల షాపులకి హ్యాంగర్లు, స్టాండ్లు, డమ్మీ బొమ్మలు సప్లై చేస్తాం. ఎప్పుడూ ఢిల్లీ హోల్‌సేల్‌లో కొనేవాళ్ళం. ఈసారి చైనాలోని హోల్‌సేల్ ఊరు యీవూ నుంచి తెప్పించాను. మొత్తం 6.4 సీబీఎం (క్యూబిక్ మీటర్లు), కంటైనర్‌లో ఒక మూలకి సరిపోయేంత. ఇలా పదిమంది సరుకు ఒకే కంటైనర్‌లో వేసి పంపడాన్నే ఎల్‌సీఎల్ అంటారు. సప్లయర్ చెప్పింది చెన్నై సీఐఎఫ్ రేటు, అంటే ఇన్సూరెన్స్, ఓడ కిరాయి కూడా ధరలోనే కలిసి ఉంటాయి. కిరాయి ఎంత వేశావంటే సీబీఎంకి ఒక డాలరు అన్నాడు. చైనాలోని నింగ్‌బో రేవు నుంచి చెన్నైకి ఆరున్నర డాలర్లు! ఆ డబ్బుకి గవర్నర్‌పేట నుంచి ఆటోనగర్‌కి ట్రాలీ ఆటో వస్తుందో రాదో. అప్పుడే అనుమానం రావాలి. నాకు సంతోషం వచ్చింది.

ఓడ వస్తోందని మెయిల్ వచ్చింది. పంపింది షిప్పింగ్ లైన్ కాదు, నేనెప్పుడూ పేరు వినని ఒక చెన్నై ఏజెంట్. కింద బిల్లు: సీబీఎంకి 6,200 చొప్పున 39,680 రూపాయలు, డీఓ (డెలివరీ ఆర్డర్, అంటే సరుకు వదలమనే కాగితం) ఫీజు 7,500, డాక్యుమెంటేషన్ 3,500, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 59,802. ఆ 6,200లో టెర్మినల్ హ్యాండ్లింగ్ (రేవులో ఎత్తిదింపడం), డీస్టఫింగ్ (కంటైనర్ ఖాళీ చేయడం) సరే, 'చైనా ఇంపోర్ట్ సర్వీస్ ఫీ' ఏమిటో అడిగితే "అందరూ కడతారు సార్" అన్నారు.

చేతిలో ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో వేసిన సరుకుకి రసీదు) ఉంది కదా అని నా ధీమా. అది పట్టుకుని చెన్నైలో షిప్పింగ్ లైన్ ఆఫీసుకే వెళ్ళాను. కౌంటర్‌లో ఆయన నంబరు కొట్టి చూసి, మా రికార్డులో మీ పేరే లేదన్నాడు. లేకపోవడం నిజమే. నా దగ్గరున్నది హౌస్ బిల్, దాన్ని ఇచ్చింది చైనాలోని ఫార్వార్డర్, అంటే సరుకు ఓడలో పంపే ఏర్పాట్లు చూసే ఏజెంట్. ఓడవాళ్ళు ఇచ్చే మాస్టర్ బిల్ వేరే. అందులో పంపినవాడు ఆ ఫార్వార్డర్, అందుకునేవాడు ఈ చెన్నై ఏజెంట్. ఓడవాళ్ళు కంటైనర్ ఇచ్చేది అతనికే. అతను డెలివరీ ఆర్డర్ ఇస్తేనే నా పెట్టెలు నాకు.

మా కస్టమ్స్ బ్రోకర్ నెల్లూరాయన, మంచివాడు. ఇప్పటికీ అందరూ పాత పేరుతో సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) అనే పిలుస్తారు. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి కాగితం) టైముకి వేశాడు, డ్యూటీ కట్టించాడు, ఔట్ ఆఫ్ ఛార్జ్ (కస్టమ్స్ అనుమతి) కూడా తెచ్చాడు. "కస్టమ్స్ వరకే సార్ నా పని, డీఓ లేకుండా సీఎఫ్‌ఎస్ గేటు దాటదు" అన్నాడు. సీఎఫ్‌ఎస్ అంటే కంటైనర్లు విప్పి సరుకు ఉంచే గోడౌన్. కస్టమ్స్ వదిలేసిన సరుకుని ఒక ప్రైవేటు ఏజెంట్ ఆపగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఏజెంట్‌తో తొమ్మిది రోజులు వాదించాను. ఈలోపు సీఎఫ్‌ఎస్‌లో అద్దె మీటరు తిరుగుతోంది. వాళ్ళకీ మన గొడవతో సంబంధం లేదు, గోడౌన్‌లో జాగాకి డబ్బులు అంతే. ఒకరోజు లోపలికి వెళ్ళి చూస్తే చినిగిన అట్టపెట్టెలోంచి బొమ్మ చెయ్యి ఒకటి బయటికొచ్చి ఉంది, ఆగు అన్నట్టు. రెండు వేళ్ళు విరిగాయి. సీఐఎఫ్‌లో సప్లయర్ కట్టాల్సింది కనీస ఇన్సూరెన్సే. ఓడ మునగడం, తగలబడడం లాంటి పెద్ద ప్రమాదాలకే అది పనికొస్తుంది, వేళ్ళకి కాదు. చివరికి బిల్లు మొత్తం కట్టి, పైన 14,000 అద్దె కట్టి బయటపడ్డాను.

అసలు కిటుకు తర్వాత మా బ్రోకరే చెప్పాడు. సీఐఎఫ్‌లో ఫార్వార్డర్‌ని పెట్టుకునేది సప్లయర్. సరుకు తనకే రావాలని ఫార్వార్డర్ కిరాయి దాదాపు వదిలేస్తాడు, ఒక్కోసారి ఎదురు డబ్బిస్తాడు. ఆ లోటుని చెన్నై ఏజెంట్ సీబీఎంకి ఇంత అని చైనాకి పంపి, మన బిల్లులో రాబట్టుకుంటాడు. ఈ వరసలో మనం ఎవరికీ కస్టమర్ కాదు. బేరమాడే అవకాశం పోయాకే మన పేరు బయటికి వస్తుంది.

కాబట్టి రేటు ఎఫ్‌ఓబీలో (సరుకు ఓడ ఎక్కించేవరకే సప్లయర్ ఖర్చు, ఓడ కిరాయి మనది) అడగండి, ఫార్వార్డర్‌ని మీరే పెట్టుకోండి. మల్టీమోడల్ చట్టం కింద డీజీ షిప్పింగ్ (ఓడ రవాణా చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) దగ్గర అతనికి ఎంటీఓ (మల్టీమోడల్ ట్రాన్స్‌పోర్ట్ ఆపరేటర్) రిజిస్ట్రేషన్ ఉందేమో చూడండి. సీఐఎఫ్ తప్పదంటే, చెన్నై ఏజెంట్ ఎవరో ముందే కనుక్కుని అక్కడి ఛార్జీలన్నీ, డీఓ ఫీజుతో సహా, మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. రెండో లోడు నేను ఎఫ్‌ఓబీలో తెప్పించాను. ఓడ కిరాయి డాలరు కన్నా చాలా ఎక్కువే పడింది, అయినా చెన్నై ఖర్చుతో కలిపి మొదటిదాంట్లో సగమే అయింది.

పాత సప్లయర్ ఇంకా మెసేజ్‌లు పెడుతున్నాడు. ఈసారి ఫ్రైట్ పూర్తిగా ఫ్రీ అట.