పన్నెండు గంటల బసకు రెండు రోజుల అద్దె, ఆపై సెంట్రల్ యూనివర్సిటీ

ఉదయం ఏడున్నరకు గదిలో దిగాం, అదే రాత్రి ఏడున్నరకు ఖాళీ చేశాం. లింగంపల్లి స్టేషన్ దగ్గరి ఆ లాడ్జివాళ్లు మా దగ్గర రెండు రోజుల అద్దె వసూలు చేశారు. రోజుకు 1,300 చొప్పున 2,600 రూపాయలు. ఫోనులో అడిగినప్పుడు 24 గంటల గది అన్నారు. తీరా ఖాళీ చేసేటప్పుడు, తమ లెక్క మధ్యాహ్నం పన్నెండుకు మారుతుందని, అది దాటితే రెండో రోజేనని గోడమీది బోర్డు చూపించారు. ఉదయం సంతకం పెట్టించుకున్న మనిషి ఆ మాట ఎందుకు చెప్పలేదని నాన్న అడిగితే, ఆయన డ్యూటీ అయిపోయిందన్నారు.

వేడినీళ్ల సంగతి ఇంకా అన్యాయం. గదిలో గీజర్ ఉంది గాని పనిచేయదు. బకెట్ నీళ్లకు 40 రూపాయలు. డిసెంబరు చలిలో, రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన నాన్న చన్నీళ్లతోనే స్నానం చేసి, అరగంట సేపు ఎవరితోనూ మాట్లాడలేదు. లాడ్జి మాట్లాడుకునేవాళ్లు అద్దెతో ఆగకండి, లెక్క ఏ గంటకు మారుతుందో అడిగి కాగితం మీద రాయించుకోండి.

రాజమండ్రి నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం హాయిగా సాగింది. నేను ఎం.ఏ. చరిత్రకు సియుఈటీ పీజీ, అంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష, రాయాలనుకుంటున్నాను. పరీక్ష మార్చిలో జరుగుతుంది కాబట్టి, దరఖాస్తు నింపేముందే, అందరూ సెంట్రల్ యూనివర్సిటీ అనే హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని కళ్లతో చూడాలని పట్టుబట్టాను.

ఆటోకు 200 అడిగారు. సిటీ బస్సు ఎక్కాం. మహిళలకు ఉచితం కదా అనుకుంటే, అది తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకేనట. నా ఆధార్ తూర్పు గోదావరిది. ఇద్దరికీ కలిపి 30 రూపాయలయింది. పాత ముంబయి రహదారి మీద ప్రధాన ద్వారం ముందే దిగవచ్చు.

లోపల అడుగుపెట్టగానే చలి పెరిగింది. హైదరాబాదులో చలి ఎక్కువగా నమోదయ్యే చోట్లలో ఈ క్యాంపస్ పేరు ఏటా పత్రికల్లో వస్తుంది. చెట్లు, చెరువులు, ఖాళీ నేల అంతగా ఉన్నాయి మరి. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లు, వాటి మధ్య నెమళ్లు. పక్కనే ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం 2025లో విద్యార్థులు ఎందుకంత పోరాడారో, ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా ఎందుకెళ్లిందో అక్కడ నిలబడితే నాకు అర్థమైంది.

మేం చేసిన పొరపాటు సెలవుల్లో వెళ్లడం. తరగతులు లేవు, చరిత్ర విభాగంలో చాలా గదులకు తాళాలున్నాయి. మీరు నవంబరులోనో, సంక్రాంతి తర్వాతో వెళ్లండి. నడవలేనివాళ్లను వెంట తీసుకెళ్తే బండి తప్పనిసరి, ఒక భవనానికీ మరో భవనానికీ దూరం చాలా ఎక్కువ. నాన్నకు మోకాళ్ల నొప్పి మొదలైంది, ముఖం మళ్లీ ముడుచుకుంది.

ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయం దగ్గర, పరిశోధన చేస్తున్న ఒక అక్క మమ్మల్ని చూసి తనే పలకరించింది. అనంతపురం నుంచి వచ్చిందట. పని పక్కన పెట్టి రెండు గంటలు మాతో తిరిగింది. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలోంచి ఈ విశ్వవిద్యాలయం పుట్టిందని, 1974లో మొదలైనప్పుడు సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డే దాని చోటని చెప్పింది. చరిత్ర చదవాలనుకునే నాకు అంతకంటే మంచి మొదటి పాఠం ఉండదు. ఆడపిల్లల హాస్టల్, మెస్ ఖర్చు, రాత్రి గ్రంథాలయం నుంచి తిరిగి రావడం, ఇవన్నీ నాన్న గుచ్చి గుచ్చి అడిగారు. ఆమె ఒక్కదానికీ విసుక్కోలేదు.

క్యాంపస్‌లోని దుకాణాల సముదాయం షాప్‌కామ్ వైపు తీసుకెళ్లి భోజనం పెట్టించింది. వేడన్నం, ముద్దపప్పు, దొండకాయ వేపుడు, మిరియాల చారు. చారు పొగలు కక్కుతూ వచ్చింది. నాన్న రెండోసారి అడిగి పోయించుకున్నారు, ఆ రోజు మొదటిసారి నవ్వారు. ముగ్గురికీ 210 రూపాయలు, ఆ డబ్బు ఆమెను ఇవ్వనివ్వలేదు.

రాత్రి రైలెక్కాక నాన్న లాడ్జి రసీదు తీశారు. గొడవపడి మరీ రాయించుకున్న రసీదు అది. చించేస్తారనుకున్నాను. వెనక్కి తిప్పి, దరఖాస్తుకు ఏయే సర్టిఫికెట్లు కావాలని ఆ అక్క చెప్పిందో ఒక్కొక్కటీ నన్ను అడిగి దానిమీద రాసుకున్నారు.