విజయవాడ ఆకాశవాణి, 837 కిలోహెర్ట్జ్: ఇప్పటికీ వినదగ్గ స్టేషనే

రెండు నెలలుగా మీడియం వేవ్ (ఎఫ్ఎం కంటే ముందునుంచీ ఉన్న పాత రకం ప్రసారం) పట్టే చిన్న రేడియోలో రోజూ విజయవాడ కేంద్రం వింటున్నాను, అందుకే ఈ రివ్యూ. నా మార్కులు ఐదుకి నాలుగు.

ముందు ఈ స్టేషన్ అంటే నాకెందుకింత ఇష్టమో చెప్పాలి. 1948 డిసెంబర్ 1న మొదలైంది. అంతవరకు కోస్తా వాళ్లకి రేడియోలో తెలుగు వినాలంటే 1938లో వచ్చిన మద్రాసు కేంద్రమే గతి, హైదరాబాదులో దక్కన్ రేడియో ఉన్నా అది నిజాం ప్రభుత్వానిది, అక్కడ ఉర్దూకే పెద్దపీట. కృష్ణా గట్టు మీద మన స్టేషన్ అంటూ ఒకటి వచ్చాక ఎంతమంది మహానుభావులు అక్కడ పనిచేశారో! బాలాంత్రపు రజనీకాంతరావు గారు తీర్చిదిద్దిన భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని ఒక్కటి చాలు. బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వీళ్ల గొంతులన్నీ ఆ మైకుల ముందు పలికినవే. సంగీతం నేర్చుకునే స్తోమత లేని ఇళ్లలో కూడా పిల్లలకి ఏది మంచి పాటో చెవికి తెలిసిందంటే ఆ పుణ్యం ఈ కేంద్రానిదే అని నేను గట్టిగా నమ్ముతాను. ఇక ఉషశ్రీ గారి రామాయణ భారతాలు. మా తాతయ్య ఆదివారం మధ్యాహ్నం ఆయన గొంతు వినపడేదాకా విస్తరి ముందు కూర్చునేవారు కాదట. తాతయ్య రేడియో లైసెన్సు పుస్తకం ఇంకా మా బీరువాలో ఉంది. అప్పట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టాలి, ఆ స్టాంపులు దాంట్లో వరసగా అంటించి ఉన్నాయి.

ఇప్పుడు సౌండ్ సంగతి. పగలు బాగా వస్తుంది. మొదటి రోజు వంటింటి కిటికీలో పెడితే ఒకటే జుయ్‌మని మోత, రేడియో పాడైందేమో అని టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే పైనున్న ఎల్‌ఈడీ బల్బు వల్ల. అది ఆపగానే గొంతు శుభ్రంగా వచ్చింది. ఇంకో చిట్కా, సెట్‌ని మెల్లగా పక్కకి తిప్పి చూడండి. మీడియం వేవ్‌కి బయటి కడ్డీ యాంటెన్నాతో పనిలేదు, లోపల తీగ చుట్టిన నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, దాని పక్కభాగం స్టేషన్ వైపుంటే బాగా పడుతుంది, కొస అటు తిరిగితే గొంతు సన్నబడిపోతుంది. ఒక మార్కు తగ్గించింది రాత్రుళ్ల కోసం. పగలు ఈ తరంగాల్ని పీల్చేసే ఆకాశపు పొర చీకటి పడ్డాక పలచబడుతుంది, దాంతో ఎక్కడెక్కడి దూరపు స్టేషన్లో వచ్చి మీద పడతాయి, వార్తలు వింటుంటే వెనక ఇంకేదో భాష. ఉరుములొస్తే గరగర ఎలాగూ తప్పదు.

యాప్‌లో వినొచ్చు కదా అంటారు. వినొచ్చు, కానీ తుపానుకి కరెంటు పోయి, టవర్లు ఆగిపోయి, ఫోన్ చార్జింగ్ అయిపోయినప్పుడు ఇంట్లో బయటి కబురు చెప్పేది రెండు సెల్లులతో నడిచే ఈ డబ్బానే. కోస్తాలో ఉండేవాళ్లు ఒకటి కొని పెట్టుకోండి. కొనేటప్పుడు మాత్రం ఎఫ్ఎం ఒక్కటే ఉన్నది అంటగడతారు, నాకూ ఒక షాపులో అలాగే ఇచ్చారు, ఇంటికొచ్చి చూసుకుని మళ్లీ వెళ్లి మార్చుకోవాల్సి వచ్చింది. డబ్బా మీద మీడియం వేవ్‌కి గుర్తుగా ఎండబ్ల్యూ అని గానీ ఏఎం అని గానీ ఉందో లేదో చూసి, అక్కడే ఆన్ చేయించి, ముల్లు 800 దాటించి కొంచెం ముందుకి జరిపి విని మరీ తీసుకోండి.