తోతాపురి ఒరుగులకు సోలార్ డ్రయ్యర్: కొనేముందు గాలి కంత చూడండి

2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వవలసి వచ్చిన ఆ సీజనులో, బంగారుపాళ్యం దగ్గరి మా తోటలో మిగిలిన పండును ఎండబెట్టి అమ్ముదామని తిరుపతిలోని ఒక వెల్డింగు షాపులో 14,000 రూపాయలకు సోలార్ డ్రయ్యర్ చేయించుకున్నాము. ఇనుప చట్రం, అడుగున నల్లరంగు పూసిన రేకు, పైన పారదర్శకమైన పాలిథిన్ పట్టా, మధ్యలో నాలుగు జల్లెడ తట్టలు. కరెంటు అవసరమే లేదు.

అడుగు కంతల గుండా వచ్చిన గాలి రేకు వేడికి తేలికై, ముక్కల తడిని మోసుకొని పై కంత గుండా బయటికి పోవాలి. మాకిచ్చిన పెట్టెలో ఆ పై కంత అరచేయంత కూడా లేదు. లోపల వేడి 68 డిగ్రీలు చూపిస్తున్నా పట్టా కింద నీటిబొట్లు కట్టి, ముక్కలు ఉడికినట్లు నల్లబడ్డాయి. వేడి ఎక్కువైతే త్వరగా ఎండుతుందనుకోవడం మా పొరపాటు. అలాగే ఉండాలని షాపువారు వాదించినా, మేమే కంతను పెద్దది చేసుకున్నాము. వేడి 60కి దిగింది, ముక్కలు మాత్రం ముందుకన్నా త్వరగా ఎండాయి.

తట్టలకు వేసిన జింకు పూత జల్లెడ మరో లోపం. పుల్లని పండు రసానికి జింకు కరుగుతుంది కనుక దానిని తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలు జల్లెడ వేయించాము, అదనపు ఖర్చు మాదే.

ఇవి సరిచేశాక పనితనం బాగుంది. వేలి మందంలో సగానికి కోసి, నిమ్మరసం కలిపిన నీటిలో ముంచిన పది కిలోల ముక్కలు మంచి ఎండలో రెండు రోజులకు రెండు కిలోల లోపు ఒరుగులవుతాయి. మిద్దె మీద అమ్మ ఆరబోసిన వాటికి పట్టే దుమ్ము, ఈగలు వీటికి లేవు. చీమలకు మాత్రం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టక తప్పలేదు. పొద్దు గూకేలోపు ముక్కలను మూత బిగిసే డబ్బాలోకి తీయకపోతే రాత్రి చెమ్మను తిరిగి పీల్చుకుంటాయి.

అసలు చిక్కు కాలానిది. తోతాపురి ముమ్మరంగా దిగే జూన్, జూలై నెలల్లోనే మబ్బులు కమ్ముతాయి. అప్పుడు అదే తట్టకు నాలుగు రోజులు పట్టింది, ఒకసారి బూజు వచ్చి మొత్తం పారబోశాము. అందుచేత మామిడి పంట మొత్తాన్ని దీనితో గట్టెక్కించుకుందామనుకునే రైతుకు నేను సిఫారసు చేయను. ఫిబ్రవరి నుంచి మే వరకు బొప్పాయి, సపోటా ఎండబెట్టుకుంటూ, తొలికోత మామిడిని కొంత వేసుకునేవారికి ఆ 14,000 దండగ కాదు. మా పెట్టెలో ఇప్పుడు ఉన్నది బొప్పాయే.