ఆమ్లవర్షం కిట్: సుద్ద పొంగదు, నాపరాయి పొంగుతుంది

ఆమ్లవర్షం రాళ్లను, మొలకలను ఎలా దెబ్బతీస్తుందో చూపడానికి కర్నూలు స్టేషనరీ షాపుల్లో హైస్కూలు పిల్లల కోసం అమ్ముతున్న 450 రూపాయల కిట్ ఇది. డబ్బాలో గ్లాసులు, డ్రాపర్, 100 మి.లీ. తెల్ల వెనిగర్, పీహెచ్ పేపరు (ఆమ్లం ఎంతుందో రంగుతో చూపే కాగితం; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ), సుద్దముక్కలు, గ్రానైట్ ముక్క, పెసలు ఉన్నాయి. సరుకు నాణ్యమైనదే. దెబ్బతీసేది సుద్ద, సూచనల కాగితం.

సుద్ద వెనిగర్‌లో పొంగుతుందని రాశారు. పొంగదు. బోర్డు మీద రాసే సుద్ద ఎక్కువగా జిప్సమ్, అంటే కాల్షియం సల్ఫేట్. సందుల్లోని గాలి నాలుగు బుడగలుగా పైకొస్తే పిల్లలు దాన్నే రసాయన చర్య అనుకుంటారు. పొంగాలంటే కావలసింది కాల్షియం కార్బొనేట్. అది మన కాళ్ల కిందే ఉంది: బేతంచెర్ల నాపరాయి, కడప బండ. వంటగట్టు బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడేది ఇందుకే. నాపరాయి ముక్కను వెనిగర్‌లో వేసి, పక్క గ్లాసులో గ్రానైట్ వేయండి. నాపరాయి మీద సన్నని బుడగలు లేస్తాయి, మర్నాటికి నునుపు పోతుంది. గ్రానైట్ కదలదు. బుడగలు త్వరగా కనబడాలంటే రాయిని గీకి పొడి వేయండి. మూత మాత్రం బిగించకూడదు, కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి పెరుగుతుంది.

ఇక నీళ్లు. వెనిగర్ ఒక పాలుకు పది పాళ్ల నీళ్లు కలిపితే పీహెచ్ 4 వస్తుందని సూచనల కాగితంలో ఉన్నది తప్పు. వెనిగర్‌లో ఉన్నది బలహీన ఆమ్లం, పది రెట్లు పలచబరిచినా 2.9 దగ్గరే ఆగుతుంది. 4 రావాలంటే లీటరు నీళ్లకు 1 మి.లీ. వెనిగర్ చాలు. అదీ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లోనే. మన బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు అంత కొంచెం ఆమ్లాన్ని మింగేస్తాయి. చాలా క్లాసుల్లో ప్రయోగం ఇక్కడే చతికిలపడుతుంది, తప్పు పిల్లల మీదికి పోతుంది. అది అన్యాయం.

పీహెచ్ పేపరు 1 నుంచి 14 దాకా ఒక్కో అంకె తేడాతో ఉంది. మామూలు వాన 5.6, ఆమ్లవర్షం 4.4 అనుకుంటే ఆ తేడా రంగులో సరిగ్గా దొరకదు. 3.5–6 మధ్య చూపే సన్న శ్రేణి పేపరు విడిగా కొనండి.

పెసల భాగం బాగుంది. దూది మీద పదేసి గింజలు, మూడు గ్లాసులు: డిస్టిల్డ్ వాటర్, పీహెచ్ 4, పీహెచ్ 2.9. దూది ఆరితే ఏ గ్లాసుకు ఆ ద్రావణమే పోయాలి. మూడో రోజు స్కేలుతో మొలకల వేర్లు కొలవండి. 2.9 గ్లాసులో మొలక రావడమే కష్టం. అసలు ఆమ్లవర్షంలో ఉండేది సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలని, వెనిగర్ వాటికి నమూనా మాత్రమేనని ముందే చెప్పాలి.

సుద్ద పక్కన పెట్టి, నాపరాయి ముక్కలు చేర్చి, డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకునే టీచర్లకు ఈ కిట్ ధైర్యంగా చెప్పవచ్చు. ఉన్నది ఉన్నట్టు వాడేవాళ్లకు వద్దు.