మారతహళ్ళి ఆక్యుపంక్చర్ క్లినిక్‌లో అమ్మ మోకాళ్ళకు పది సిట్టింగులు

అనంతపురం నుండి వచ్చిన అమ్మకు మోకాళ్ళ అరుగుదల ఉన్నందున, ఎముకల డాక్టరుగారిని అడిగి, బెంగళూరు మారతహళ్ళిలో ఒక వైద్యురాలు నడిపే చిన్న ఆక్యుపంక్చర్ క్లినిక్‌లో ఐదు వారాల పాటు చికిత్స చేయించాము. అంతకుముందు వెళ్ళిన మరొక చోట నడుము నొప్పికీ తలనొప్పికీ ఒకే బిందువుల్లో సూదులు గుచ్చడం చూసి బాధపడ్డాను కనుక, ఈసారి బిందువుల ఎంపికనే ప్రత్యేకంగా గమనించాను.

ఇక్కడ నొప్పి మోకాలి లోపలి వైపా బయటి వైపా, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అని అడిగి, నాలుకనూ రెండు చేతుల నాడినీ చూసిన తరువాతే సూదులు తీశారు. చైనా వైద్యంలో నొప్పి ఉన్నచోటి బిందువులతో పాటు, ఆ భాగం మీదుగా సాగే మెరిడియన్‌లో (శక్తి ప్రవహిస్తుందని ఆ వైద్యం చెప్పే మార్గంలో) దూరంగా ఉన్న బిందువులను కూడా కలుపుతారట. మోకాటి చిప్ప కింద ఇరువైపులా ఉన్న గుంటలతో మొదలుపెట్టి, వాటికి నాలుగు వేళ్ళ దిగువన, ముంగాలి ఎముకకు బయటి వైపున ఉన్న జూసాన్లీ బిందువును ఎంచుకున్నారు. ఆ కొలతకు రోగి వేళ్ళే ప్రమాణం కనుక, అమ్మ చేతినే అమ్మ కాలికి ఆనించి కొలిచారు. పక్క మంచం మీదున్న గర్భిణికి బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమనుండే, గర్భిణులకు సంప్రదాయంగా వాడకూడదనే హెగు బిందువును వదిలేయడం చూశాక నాకు నమ్మకం పెరిగింది.

అయితే ఇంత జాగ్రత్తగా ఎంచినందువల్లనే గుణం కనిపిస్తుందా? 2006లో వెలువడిన జర్మనీ పరీక్షలో, మోకాలి అరుగుదల ఉన్న 1007 మందిని ఆరు నెలల తరువాత చూస్తే, సంప్రదాయ బిందువుల్లో సూదులు వేయించుకున్నవారిలో సుమారు 53 శాతం, బిందువులు కాని చోట పైపైన గుచ్చించుకున్నవారిలో 51 శాతం, సూదులు లేకుండా మామూలు చికిత్స పొందినవారిలో 29 శాతం మెరుగుపడ్డారు. సూదుల చికిత్స పొందినవారికి మేలు ఎక్కువగా కనిపించినా, చోటు మారడం వల్ల తేడా దాదాపు లేదు. ఈ సంగతి అడిగితే వైద్యురాలు నొచ్చుకోలేదు. "నేను చదివింది ఈ పద్ధతేనండీ, ఆరు సిట్టింగులకు గుణం కనిపించకపోతే ఆపేద్దాం" అన్నారు. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

సిట్టింగుకు 600 రూపాయలు, ప్రతిసారీ కొత్త సూదుల ప్యాకెట్టును మా ఎదుటే తెరిచారు, తెలుగులోనే మాట్లాడారు. సాయంత్రాలు మాత్రం గంటసేపు కూర్చోవలసి వచ్చింది. అమ్మ ఇప్పుడు రెండో అంతస్తుకు ఆగకుండా ఎక్కుతోంది, కింద కూర్చుని లేవడం ఇంకా కష్టమే. ఫిజియోథెరపీ కూడా మానలేదు కనుక, ఇందులో సూదుల వాటా ఎంతో విడదీసి చెప్పలేను.